వెస్లీ అయ్యగారి జమాఖర్చు

(చదువవలసిన వాక్యభాగము: 2 రాజులు 4:1-7)

ప్రవక్తల శిష్యులలో ఒకడు మరణించెను. భక్తిగలవాడే; అయినను అప్పు మిగిల్చి పోయెను. అప్పిచ్చినవాడు పిల్లలనిద్దరిని చాకిరికి తోలుకొని పోవుటకు సిద్ధపడగా, ఆ విధవరాలు ఎలీషా యొద్దకు పరుగెత్తెను. ఈ చరిత్ర చదువునప్పుడెల్ల మనము పాత్రలలో నూనె నిండిన అద్భుతమునే తలంచుకొందుము. నూనె నిండిన పిమ్మట ప్రవక్త ఆమెకు చెప్పిన వరుసను గమనించువారు కొద్దిమందే. మొదట అప్పు తీర్చవలెను, మిగిలినదానితో ఇల్లు గడుపుకొనవలెను. భక్తిగల ఆ యింటిలోనికి అప్పు ఎట్లు జొరబడెనో బైబిలులో వ్రాయబడలేదు. ఇంగ్లాండు దేశమందు ఒక అయ్యగారి యింటిలోనికి అది ఎట్లు జొరబడెనో మాత్రము చరిత్రలో వ్రాయబడియున్నది. ఆ యింట పెరిగిన బిడ్డయే జాన్ వెస్లీ.

వెస్లీ అను పేరు పెట్టుకొనినవారు మన సంఘములలో అనేకులున్నారు. మెదకులో 1924వ సంవత్సరము క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన పెద్ద దేవాలయము ఆయన పేరుగల మిషనువారు కట్టినదే. ఆయన గుఱ్ఱమెక్కి దేశమంతయు తిరిగి పొలములలోను గనులయొద్దను సువార్త చెప్పిన సంగతి ఆదివారపు బడి పిల్లలకుకూడ తెలియును. అయితే ఆయన సంచిలో బైబిలుతోపాటు ఒక లెక్కల పుస్తకముకూడ ఉండెడిదని చెప్పువారు అరుదు. ఈ నెల మేము ఆ పుస్తకమును గూర్చియే వ్రాయదలచితిమి.

జాన్ తండ్రి సామ్యూలు వెస్లీగారు లింకన్‌షైరు ప్రాంతమున ఎప్‌వర్త్ అను ఊరిలో గురువు. కాగితముమీద జీతము ఏటికి 200 పౌనులు. ఆ కాలమునకు అది చిన్న మొత్తము కాదు. ఆయన త్రాగుబోతు కాడు, జూదరి కాడు. పుస్తకములు వ్రాసిన పండితుడు. కాని గుడి మాన్యమును సాగుచేయుట ఆయనకు చేతకాలేదు. లండనులో జరుగు గురువుల సభలకు పోయివచ్చుటకు ధారాళముగా ఖర్చుపెట్టెను. సుసన్నా అమ్మగారికి 19 మంది బిడ్డలు పుట్టిరి. పిల్లలలో సగముమందికి పైగా మాత్రమే బ్రదికిరి. రాబడి పంట చేతికి వచ్చినప్పుడు, ఖర్చు ప్రతిదినము. రెంటికిని నడుమ ఉన్న సందులోనుండియే అప్పు లోపలికి వచ్చెను.

1705లో ఒక ఎన్నిక జరిగెను. అయ్యగారు ఒక పక్షమున నిలిచిరి. ఎదుటి పక్షమునకు కావలసినవాడొకడు ఆయనకు అప్పిచ్చియుండెను. బాకీ 30 పౌనులకు లోపే. అతడు వెంటనే కట్టుమని పట్టుపట్టెను. ఇంట డబ్బు లేదు. గురువును పట్టుకొనిపోయి లింకన్ కోటలోని ఖైదులో వేసిరి. ఆయన అక్కడ ఉండగానే ఊరిలోని పగవారు రాత్రివేళ ఆయన పాడి ఆవులను కత్తులతో పొడిచిరి. బిడ్డలకు పాలుకూడ పోయెను. చేతనున్నవి ఉంగరములే గనుక సుసన్నా అమ్మగారు వాటిని తీసి ఖైదులోనున్న భర్తకు పంపిరి. ఆయన వాటిని తిరిగి పంపివేసెను. అప్పటికి జాన్‌కు రెండేండ్లు.

ఆ దినములలో యార్కు ఆర్చిబిషప్పుగారు అమ్మగారిని చూచి, మీకు ఎన్నడైనను రొట్టె లేకపోయెనా అని విచారించిరి. రొట్టె లేని దినము లేదుగాని, దానిని సంపాదించుటకు ముందు పడిన చింతయు, తిన్న తరువాత దాని వెల తీర్చుటకు పడిన చింతయు ఆ రొట్టెను చేదు చేసినవని ఆమె భావము తోచునట్లు ఉత్తరమిచ్చిరి. అరువు తెచ్చిన బియ్యముతో అన్నము వండిన ఇల్లాలికి ఈ మాట విప్పిచెప్ప నక్కరలేదు.

స్నేహితులు చందాలు వేసికొని ఆయనను విడిపించిరి. 1709లో ఇల్లు కాలిపోయెను. అయిదేండ్ల జాన్‌ను కిటికీలోనుండి దింపి కాపాడిరి. మరల కట్టిన ఇల్లు అప్పును ఇంకను పెంచెను. 1735 ఏప్రిలులో సామ్యూలుగారు మరణించిరి. పాతిపెట్టిన దినముననే భూమి యజమానురాలు తనకు రావలసిన 15 పౌనుల కొఱకు, 40 పౌనులకు పైగా వెలగల పశువులన్నిటిని జప్తు చేయించెను. 31 ఏండ్ల జాన్ ఆ సొమ్మునకు తాను నోటు వ్రాసియిచ్చి పశువులను విడిపించుకొనవలసి వచ్చెను. తండ్రి సమాధిమీది మట్టి ఇంకను ఆరలేదు. ఆయన తరువాతి జీవితమంతటిలో డబ్బును గూర్చి కఠినముగా ఉండెనని కొందరు నిందించిరి. ఆ దినమును ఎరిగినవారు ఆ నిందకు తొందరపడరు.

ఇక జాన్ స్వంత లెక్క. ఆక్స్‌ఫర్డులో చదువుకొనుచున్నప్పుడు ఆయనయు తండ్రివలెనే అప్పులు చేసెను. తల్లి ఉత్తరములలో వాటిని గూర్చి చింతించెను. 1726లో లింకన్ కళాశాలవారు ఆయనను ఫెలోగా ఎన్నుకొనిరి. ఏటేట నిలుకడగా జీతము వచ్చు పదవి అది. ఇక్కడనుండి ఆయన లెక్క వ్రాయుట నేర్చుకొనెను. మంగలి కూలి మిగుల్చుటకు జుట్టు పెంచుకొనెను. బండి కూలి మిగుల్చుటకు నడిచిపోయెను.

ఒక చలికాలమున, ఆయనయు స్నేహితులును చదివించుచుండిన బీద పిల్ల ఒకతె ఆయన గదికి వచ్చెను. ఒంటిమీద పలుచని నారబట్ట మాత్రమే యుండెను, చలికి కొయ్యబారి యుండెను. ఏదైన ఇత్తునని జేబులో చెయ్యి పెట్టగా చిల్లర తప్ప ఏమియు లేదు. తన గది గోడలమీది పటములను ఆయన అప్పుడే చూచెను. ఆ పిల్ల బట్టలు ఆ గోడలకు వ్రేలాడుచున్నవని ఆయనకు తోచెను. ముసలితనములో ప్రసంగము చేయుచు ఆయన ఈ సంగతిని చెప్పుకొనెను. అన్ని సంవత్సరములైనను మరువలేదు.

ఆ మరియొక ప్రసంగములో ఆయన చెప్పిన లెక్క ఇది. ఆక్స్‌ఫర్డు యువకులలో ఒకడని మాత్రమే చెప్పెను. ఆ యువకుడు తానేయని అందరును తలంచుదురు. మొదటి యేడు రాబడి 30 పౌనులు. 28 పౌనులతో బ్రదికి 2 పౌనులు బీదలకిచ్చెను. రెండవ యేడు రాబడి 60 పౌనులు. ఖర్చు అదే 28, ఇచ్చినది 32. మూడవ యేడు 90, ఖర్చు 28, ఇచ్చినది 62. నాలుగవ యేడు 120, ఖర్చు 28, ఇచ్చినది 92.

ఈ నాలుగు వరుసలు చదివినవారు సాధారణముగా ఇచ్చినదానిని చూచి ఆశ్చర్యపడుదురు. మేము ఎక్కువగా చూచునది కదలని ఆ 28ని. రాబడి నాలుగింతలైనను ఇంటి ఖర్చు ఒక్క పెన్నీయైనను పెరుగలేదు. మన యిండ్లలో జరుగునదేమి? మిరపకు మంచి ధర పలికిన యేట వాయిదాలమీద మోటారు సైకిలు వచ్చును. మరుసటి యేట ధర పడిపోవును. వాయిదా మాత్రము పడిపోదు. కుమారునికి పట్నములో ఉద్యోగము దొరికిన నెలలోనే పెండ్లి ఖర్చు అంచనా రెండింతలగును. రాబడి పెరిగిన సంవత్సరమున ఖర్చును ఉన్నచోటనే ఉంచగలిగినవాడు, రాబడి తగ్గిన సంవత్సరమున పరుగెత్తవలసిన పని లేదు. వెస్లీకి తరువాత రాబడి తగ్గిన కాలములును వచ్చెను.

1730 మొదలుకొని ఆయనయు స్నేహితులును ఆక్స్‌ఫర్డు కోట ఖైదుకు పోవుచుండిరి. అక్కడ అప్పులకు పట్టుబడినవారు ఉండిరి. వారికి వాక్యము చెప్పుటయే గాక, చిన్న బాకీలతో చిక్కుకొనినవారికొఱకు సొమ్ము పోగుచేసి విడిపించుచుండిరి. లింకన్ కోట ఖైదీ కుమారునికి ఈ పని ఎవరు నేర్పిరని మనము అడుగనక్కరలేదు.

1735లో జార్జియాకు పోవుట, 1738 మే 24న ఆల్డర్స్‌గేటు వీధి కూటములో ఆయన హృదయము మారుట మీరెరిగినవే. మరుసటి యేట బ్రిస్టలులో మొదటి ప్రార్థనాలయమునకు పునాది వేసెను. ఖర్చు లెక్క చూచుకొనకుండ మొదలుపెట్టెనని ఒప్పుకొనవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్కచూచునని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14) ఆయన ఎరుగనిది కాదు. త్వరలోనే 150 పౌనులకు పైగా అప్పు నిలిచెను, దానిని తన నెత్తిమీదనే వేసికొనెను. చేతిలో డబ్బు లేదు.

1742 ఫిబ్రవరి 15న సభ్యులు కూడి ఈ అప్పును గూర్చి మాటలాడిరి. ఓడ నాయకుడొకడు లేచి, అప్పు తీరువరకు ప్రతివాడును వారమునకు ఒక పెన్నీ ఇచ్చినయెడల చాలునని చెప్పెను. బీదలు అంతమాత్రమును ఇయ్యలేరని మరియొకడు అడ్డుచెప్పెను. అట్లయితే మిక్కిలి బీదలైన 11 మందిని నాకు అప్పగింపుడి, వారియొద్దకు ప్రతివారము పోవుదును, ఇయ్యలేనివారి పెన్నీ నేనే వేయుదును, మీరును ఆలాగే చేయుడని ఆ నాయకుడు ఉత్తరమిచ్చెను. అందరును సమ్మతించిరి. పెన్నీ వసూలుకు ఇల్లిల్లు తిరిగినవారికి, ఏ యింట రోగమున్నదో, ఏ యింట భార్యాభర్తలు కలహించుచున్నారో, ఎవడు మరల త్రాగుటకు మొదలుపెట్టెనో తెలియవచ్చెను. మెథడిస్టు సంఘములు పేరుపొందిన క్లాసు కూటములు ఇట్లు పుట్టినవి. ఒక గుడి అప్పులోనుండి పుట్టినవని తలంచుకొనిన మాకు ఇప్పటికిని నవ్వు వచ్చును.

లండనులో ఫిరంగులు పోతపోసిన పాత కార్ఖానాను బాగుచేసి ఆయన ప్రార్థనాలయముగా చేసెను. అక్కడి సభ్యులలో అనేకులు కూలివారు, చిన్న పనివారు. వారికి ఆపద వచ్చినప్పుడు తాకట్టు కొట్లు తప్ప దిక్కు లేదు. పనిముట్లు తాకట్టులో పడిన యెడల పని పోవును, పని పోయిన యెడల వాటిని విడిపించుటెట్లు? 1746లో వెస్లీ స్నేహితులయొద్ద సుమారు 30 పౌనులు పోగుచేసి అప్పునిధి పెట్టెను. ఒకరికి 20 షిల్లింగులకు, అనగా ఒక పౌనుకు మించి ఇయ్యరు. పుచ్చుకొనినవాడు వారము వారము కొంచెము కొంచెముగా మూడు నెలలలో తీర్చవలెను. ఏడాదిన్నరలో ఆ చిన్న సొమ్ము చేతులు మారి మారి సుమారు 250 మందిని ఆదుకొనెను. మన గ్రామములలోని స్త్రీల పొదుపు సంఘములను ఎరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. సొమ్ము గొప్పదై పనిచేయలేదు; తిరిగి వచ్చుచుండుటచేత పనిచేసెను.

తరువాత నిధి పెరిగి 5 పౌనులవరకును ఇచ్చిరి. జేమ్స్ లాకింగ్‌టన్ అను చెప్పులు కుట్టువాడు పాత పుస్తకముల అంగడి పెట్టుకొని ఆ 5 పౌనులు తీసికొనెను. 1780 మొదలుకొని అరువు ఇయ్యక రొక్కమునకే అమ్మి, లండనులో మిక్కిలి పెద్ద పుస్తక వ్యాపారులలో ఒకడాయెను. ధనికుడైన పిమ్మట తన జీవిత చరిత్రలో మెథడిస్టులను ఎగతాళి చేసెను; ముసలితనములో దానికి పశ్చాత్తాపపడి గుళ్లు కట్టించెను. అప్పు మాత్రము సరిగా వాడుకొనెను.

ఇప్పుడు పెండ్లిండ్ల సంగతికి వత్తము, ఏలయనగా ఇంటి లెక్క తలక్రిందులగునది తరచుగా అక్కడనే. 1749లో తమ్ముడు చార్లెసునకు వేల్సు దేశపు పెద్ద కుటుంబములోని సారా గ్విన్ అను కన్యతో పెండ్లి కుదిరెను. పిల్ల తల్లి ఒక్క మాటమీద నిలిచెను: ఊరూర తిరుగు బోధకునికి ఏటికి 100 పౌనుల స్థిరమైన రాబడి చూపిననే పిల్లనిత్తును. దేవుడు పోషించునని చెప్పి జాన్ ఆమెను గద్దింపలేదు. తమ పుస్తకముల అమ్మకమునుండి ఆ 100 పౌనులు ముట్టునట్లు పూచీపడి, ఏప్రిలులో తానే పెండ్లి చేసెను. 28 పౌనులతో బ్రదికినవాడు తమ్ముని యింటికి 100 అవసరమని ఒప్పుకొనెను. ఇది గమనింపదగినది. తన కొలతతో ఇంకొకరి సంసారమును కొలువలేదు.

1751లో ఆయనయు పెండ్లి చేసికొనెను. ఆమె లండను వర్తకుని విధవ, నలుగురు పిల్లల తల్లి, సుమారు 10,000 పౌనుల ఆస్తి కలది. ఆనాటి ఇంగ్లీషు చట్టము ప్రకారము పెండ్లియైన స్త్రీ సొమ్ము భర్త చేతిలో పడును. వెస్లీ పెండ్లికి ముందే ఆ సొమ్మంతయు ఆమె పేరనే, ఆమె పిల్లల పేరనే వ్రాయించి తన చెయ్యి దానికి తగులకుండ చేసికొనెను. ఫెలోలు పెండ్లి చేసికొనరాదను నియమముండెను గనుక కళాశాల పదవిని విడిచెను. నిలుకడగా వచ్చుచుండిన జీతము ఆ యేట ఆగిపోయెను. ఆయన ఖర్చు ముందే చిన్నదిగా ఉండెను గనుక భార్య పెట్టెవైపు చూడవలసిన పని కలుగలేదు. ఆ కాపురము సుఖముగా సాగలేదు. తప్పు ఒక్కరిదే కాదు. నెలల తరబడి ఇంట లేని భర్తతో కాపురము చేయుట ఏ స్త్రీకైనను కష్టమే. సొమ్ము విషయములో మాత్రము ఆమె పిల్లలకు ఆయనవలన నష్టము కలుగలేదు.

ఆయన తలంపకనే ధనము రా మొదలుపెట్టెను. బీదలు కొనుటకై పెన్నీకి, రెండు పెన్నీలకు చిన్న పుస్తకములు అచ్చువేయించెను. అవి వేలకొలదిగా అమ్ముడుపోయెను. వచ్చినది వచ్చినట్లే వెళ్లిపోవుచుండెను. జీవితములో ఆయన ఇచ్చినదంతయు 30,000 పౌనులవరకు ఉండునని చరిత్ర వ్రాసినవారు కొందరు అంచనా కట్టిరి. వెండి సామానుమీద పన్ను ఉండిన కాలమున, 1776లో, పన్ను అధికారులు ఆయన తన వెండిని దాచుచున్నాడేమోయని జాబు వ్రాసిరి. లండనులో రెండు చెంచాలు, బ్రిస్టలులో రెండు చెంచాలు, అంతే యున్నవని, ఇంతమందికి రొట్టె లేని వేళ ఇక కొననని ఆయన తెలియజేసెను.

ఇక్కడ మా పాఠకులలో ఒక ఇంటి యజమాని మమ్మును ఆపి అడుగవచ్చును: ఆయనకు స్వంత బిడ్డలు లేరు. ముసలితనమున ఏ ఊరికి పోయినను విశ్వాసుల యిల్లు తెరచియుండెడిది. మాకు బిడ్డల చదువు, ఆస్పత్రి, వర్షము లేని సంవత్సరము ఉన్నవి. అంతయు ఇచ్చివేసిన యెడల ఎట్లు? ఈ ప్రశ్న న్యాయమైనది, మేము దానిని త్రోసివేయము. వెస్లీయును త్రోసివేయలేదు. భూమిమీద ధనము కూర్చుకొనవద్దను ప్రభువు మాటమీద 1748లో అచ్చువేసిన ప్రసంగమున, ఏది నిషేధము కాదో ఆయన వరుసగా చెప్పెను. ఎవనికిని బాకీ లేకుండునట్లు సమకూర్చుకొనుట మొదటిది. మన శరీరమునకు కావలసినది రెండవది. భార్యాబిడ్డలకు మనమున్నప్పుడును, మనము పోయిన తరువాతను సాదా జీవనమునకు కావలసినది మూడవది. చేయుచున్న పని సాగుటకు కావలసిన పెట్టుబడి నాలుగవది. రైతుకైతే విత్తనము, ఎద్దు, ఎరువు అని మనము చెప్పుకొందము. ఇవి దాచుట పాపము కాదు. ఆ తరువాత మిగులుదానిని గూర్చియే ఆయన గట్టిగా అడిగెను. ఎలీషా ఆ విధవరాలికి చెప్పిన వరుసయు ఇదే గదా. అప్పు ముందు, ఇల్లు తరువాత.

1760లో అచ్చైన మరియొక ప్రసంగములో సంపాదించుటను గూర్చియు కట్టడి చేసెను. ఆరోగ్యమును చెరుపుకొని సంపాదింపరాదు, పొరుగువాని భూమిని అప్పు క్రింద మ్రింగి సంపాదింపరాదు, సారా అమ్మి సంపాదింపరాదు. సంఘములో వడ్డీకి ఇచ్చువారు ఈ భాగమును తీరికగా ఆలోచింతురు గాక.

1785 జనవరిలో, 81 ఏండ్ల వయస్సున, లండను వీధులలో చీలమండలు మునుగు కరగిన మంచులో ఉదయమునుండి సాయంకాలమువరకు నడిచి, బీదల బట్టలకొఱకు 200 పౌనులు బిచ్చమెత్తెను. అందువలన జబ్బుపడెను. 

1790 జూలైలో ఆయన లెక్కల పుస్తకము చివరిసారి తెరచెను. చెయ్యి వణకుటచే అక్షరములు కష్టముగా తెలియును. ఇక లెక్క వ్రాయ ప్రయత్నింపనని, మిగుల్చగలిగినదంతయు మిగిల్చి, ఇయ్యగలిగినదంతయు ఇచ్చితినని తనకు తృప్తి కలదని వ్రాసి మూసెను.

1791 మార్చి 2న మరణించెను. వయస్సు 87. మరణ శాసనములో, తన జేబులలోను సొరుగులలోను దొరకు చిల్లరను నలుగురు పంచుకొనవలెనని వ్రాసియుండెను. శవమును మోయుటకు బండి వద్దు, గుఱ్ఱములు వద్దు. ఆరుగురు బీదలు మోయవలెను, ఒక్కొక్కరికి 20 షిల్లింగులు ఇయ్యవలెను. మార్చి 9న, జనసమ్మర్దము కలుగకుండునట్లు తెల్లవారకముందే, సిటీ రోడ్డు ప్రార్థనాలయము వెనుక ఆయనను సమాధి చేసిరి. ఆరుగురికిని ఆరు పౌనులు ముట్టెను.